అంటు కట్టరాని మొక్క: డెల్టాలో నాలుగు రోజులు

మొదటి రోజు: కడియపులంక

సంక్రాంతి వెళ్లిన వారానికి కడియపులంక నుంచి ఫోను వచ్చింది. ఫోను చేసినాయన ముప్పయ్యేళ్ల కిందట ఇంటర్మీడియట్‌లో నా దగ్గర వృక్షశాస్త్రం చదువుకున్నాడు. ఇప్పుడు తండ్రి ఇచ్చిన నర్సరీకి తోడు, గాజు సీసాల్లో బుల్లి తోటలు కట్టి హైదరాబాదుకు పంపే వ్యాపారం కూడా చేస్తున్నాడు. ఆ సీసాల్లో అలంకారానికని 'రెయిన్‌డీర్ మాస్' పేరుతో దొరికే మెత్తటి సరుకు పది పెట్టెలు తెప్పించాడు. ధర చూసి గుండె గుభేలుమన్నదట. కొనే బదులు మనమే పెంచుదామనుకొని రెండు నెలలుగా ట్రేలలో పరిచి నీళ్లు చల్లిస్తున్నా అది వెంట్రుకవాసి కూడా ఎదగలేదని బాధపడ్డాడు. "మాస్టారూ, దీనికి కటింగులు పెట్టాలో, గాలి అంటు కట్టాలో తెలియడం లేదండి. ఒక్కసారి వచ్చి చూసిపోండి" అన్నాడు.

విశాఖలో పొద్దున రైలెక్కి రాజమహేంద్రవరంలో దిగి, ఆటోలో కడియపులంక చేరేసరికి మధ్యాహ్నమైంది. షేడ్ నెట్ కింద ఒక కుర్రవాడు చేతిపంపుతో ట్రేల మీద నీళ్లు కొడుతున్నాడు. ట్రే అంచు నుంచి కారుతున్న నీళ్లు చిలకపచ్చ రంగులో ఉండటం చూడగానే సగం సంగతి తెలిసిపోయింది. అది మొక్క పచ్చదనం కాదు, అద్దకం. ఈ సరుకును గ్లిజరిన్‌లో నానబెట్టి, రంగులద్ది, ఎన్నేళ్లయినా మెత్తగా ఉండేటట్టు తయారుచేస్తారు. అందులో ప్రాణం ఉండదు. రెండు ట్రేలలో నల్లబూజు కూడా పట్టింది. రెండు నెలలు నీళ్లు తాగించిన శవాల పక్కన కూర్చుని ఆ మాట చెప్పడానికి నాకే మొహమాటమైంది.

పేరులో మాస్ అని ఉన్నా ఇది నాచు జాతి కాదు, లైకెన్. ఒక శిలీంధ్రం ఇల్లు కడితే, దాని పోగుల నడుమ సూక్ష్మ శైవలం (ఆల్గా) కాపురముండి, ఎండను పట్టి ఇద్దరికీ తిండి వండుతుంది. ఇది ఒక జీవి కాదని, రెండు జీవుల కూటమి అని స్విస్ శాస్త్రజ్ఞుడు సైమన్ ష్వెండెనర్ 1860లలో చెప్పినప్పుడు ఆనాటి లైకెన్ పండితులు చాలామంది ఒప్పుకోలేదు. అలంకారానికి ఎక్కువగా అమ్ముడయ్యేది క్లడోనియా స్టెల్లారిస్ అనే జాతి. కాలీఫ్లవర్ పువ్వులా గుండ్రంగా, లేత పసుపు కలిసిన ఆకుపచ్చలో గుత్తులు కడుతుంది కాబట్టి అలంకరణకు అందంగా ఉంటుంది. ఫిన్లండ్‌లో, ఆర్కిటిక్ వలయానికి కాస్త దిగువన ఉన్న హైలువోటో అనే ఇసుక దీవిలో దీన్ని చేత్తో ఏరి ఎగుమతి చేయడం పాత వృత్తి. దీనికి దగ్గర చుట్టం, రెయిన్‌డీర్ అనే ధ్రువప్రాంతపు జింక పేరుకు నిజమైన హక్కుదారు క్లడోనియా రాంజిఫెరినా. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1732లో ఐరోపా ఉత్తరపు కొసనున్న లాప్లండ్ అంతా తిరిగి వచ్చిన తరువాత, 1753లో దానికి శాస్త్రీయంగా పేరు పెట్టాడు. అది బూడిద కలిసిన తెలుపులో, జింక కొమ్ములా మళ్లీ మళ్లీ చీలుతూ, కొసలన్నీ ఒకే పక్కకు వంగి ఉంటుంది. ఈ రెండింటికీ పైతోలు ఉండదు; భూతద్దం కింద కాడ మీద నూలు వడికినట్టు పోగులు కనిపిస్తాయి.

ఇంతవరకూ చెప్పి లేవబోతుంటే ఆయన లోపలి నుంచి మరో చిన్న పెట్టె తెచ్చాడు. అది నమూనా కోసం పంపినది. రంగు లేదు, గ్లిజరిన్ లేదు, ఎండబెట్టి పంపారంతే. చేత్తో తాకితే అప్పడంలా పెళుసుగా ఉంది. "ఇది కూడా చచ్చిందేనాండి?" అని అడిగాడు. ఈ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎండిన లైకెన్ చచ్చినట్టు కాదు. నీరంతా పోయినా నెలల తరబడి నిద్రపోయి, తడి తగిలిన కొద్ది నిమిషాల్లో ఊపిరి తీయడం మొదలుపెట్టగలదు. ప్రాణమున్నదే అయితే గోదావరి ఒడ్డున పెరుగుతుందా, పెరగకపోతే ఎందుకు పెరగదు? ఎలాగూ కోనసీమలో నాలుగు చోట్ల పని ఉంది. ఆ పెట్టెలోంచి గుప్పెడు తీసి కాగితంలో పొట్లం కట్టుకున్నాను.

రెండో రోజు: ధవళేశ్వరం, అంబాజీపేట

ధవళేశ్వరం దగ్గర ఆగడానికి కారణం ఆనకట్ట కాదు, రాయి. 1847లో కాటన్ దొర మొదలుపెట్టి 1852కు పూర్తిచేసిన ఆనకట్టకు రాయి ఇక్కడి కొండ నుంచే వచ్చింది. ఇక్కడి నుంచి సముద్రం దాకా పోయినా నేలలో పుట్టిన రాయి కనబడదు. అంతా నది తెచ్చి పోసిన ఒండ్రు. మన బిర్యానీ మసాలాలో పడే రాతిపువ్వు కూడా లైకెనే అయినా, అది రాజమహేంద్రవరం కొట్లలోకి ఎక్కడెక్కడి కొండల నుంచో రావలసిందే. డెల్టాలో లైకెన్‌కు ఇల్లు కావాలంటే చెట్టు బెరడే గతి. నేను చూడదలచుకున్నది ఆ బెరళ్లనే.

రావులపాలెం, కొత్తపేట దాటి అంబాజీపేట చేరేసరికి పదకొండయింది. తెలిసిన రైతు కొబ్బరితోటలో పొట్లం విప్పి, పక్కనే ఉన్న చెట్టు మాను మీదికి భూతద్దం పట్టాను. మాను నిండా బూడిదరంగు మచ్చలు. వాటిలో ఆకు రేకుల్లా అంచులు విచ్చుకొని బెరడుకు హత్తుకున్నది పిక్సైన్ కోకోస్. కొబ్బరి పేరే దాని పేరులో ఉంది. దాని మీద అక్కడక్కడ పిండి రాల్చినట్టున్న చిన్న కుప్పలు ఉన్నాయి. ఆ పిండిలో ప్రతి రేణువూ కొన్ని శైవల కణాలను శిలీంధ్రపు పోగులు చుట్టిన పొట్లం. గాలికి ఎగిరి, చీమ కాలికి అంటుకొని, వాన చినుకుకు చిట్లి మరో చెట్టు మీద పడితే అక్కడ కొత్త మచ్చ మొదలవుతుంది. కూలీ వెంట కుండ, మంచం సర్దుకొని కుటుంబమంతా కదిలినట్టు, ఇద్దరు భాగస్వాములూ కలిసే ప్రయాణం చేస్తారు. మరో రకం బెరడులోనే ఇంకిపోయి, తెల్లటి పూత మీద నల్లటి వంకర గీతలుగా మాత్రమే కనిపిస్తుంది. గ్రాఫిస్ అంటారు, రాత అని అర్థం. తాటాకు మీద గంటంతో గీసి మసి పూసినట్టుంటుంది. ఆ గీతలు సిద్ధబీజాలు పుట్టే చీలికలు. గోటితో కాస్త గీకితే లోపల పసుపు కలిసిన పచ్చదనం బయటపడింది. అది ట్రెంటిపోలియా అనే శైవలం. తడి ఎక్కువగా ఉన్న గోడల మీద, మానుల మీద కావిరంగు పూతలా విడిగా కూడా బతికేది ఇదే.

రైతు అడిగిన మొదటి ప్రశ్న ఊహించినదే. "ఇది చెట్టుకు తెగులాండి?" కాదు. లైకెన్ చెట్టు మీద కూర్చుంటుందే గాని చెట్టులోంచి తాగదు. తెల్లదోమ విసర్జించే తీపిజిగురు మీద పెరిగి ఆకును కప్పేసే మసి తెగులుకూ దీనికీ సంబంధం లేదు. రెండో ప్రశ్న మాత్రం ఊహించనిది. పొట్లంలో ఉన్నదాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, "దీనికి ఎరువేం వేస్తారు?" అని అడిగాడు. డెల్టా రైతుకు ఎరువు లేని పంట ఊహకందదు. దీనికి మాత్రం ఎరువే విషం. క్లడోనియాకు వేరు లేదు. వాన, మంచు, గాలిలోని ధూళి తెచ్చే పిసరంత పోషకంతోనే అది కాలం గడుపుతుంది. ఇసుకనేల, ఆమ్లపు నేల, మరే మొక్కా పెరగనంత పేదనేల దానికి ఇష్టం. ఇష్టం అనేకంటే అక్కడైతే పోటీ ఉండదని చెప్పడం సబబు. నేల బలపడితే గడ్డి, పొదలు ఎదిగి నీడ కమ్మేస్తాయి. ఆర్కిటిక్‌లో ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఇప్పుడు చాలాచోట్ల జరుగుతున్నది అదే: పొదలు పైకొస్తున్నాయి, లైకెన్ తగ్గుతోంది.

ఏది కావాలో ఏది వద్దో ఏరుకొనే వేరు లేకపోవడం వల్ల గాలి ఏమి తెస్తే దాన్నే తీసుకోవాలి. 1986లో చెర్నోబిల్ రియాక్టరు పేలినప్పుడు వానతో దిగిన రేడియోధార్మిక సీసియం నార్వే, స్వీడన్ పీఠభూముల మీది లైకెన్లలో చేరి, వాటిని తిన్న రెయిన్‌డీర్ మాంసంలోకి ఎక్కింది. ఆ మాంసం మీదే బతికే సామీ తెగ పశుపాలకుల జీవనం నిలబడాలని నార్వే ప్రభుత్వం అదే ఏడాది మాంసంలో సీసియం అనుమతి పరిమితిని కిలోకు 600 బెక్వెరెల్స్ (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) నుంచి 6000కు పెంచవలసి వచ్చింది. రైతు కాసేపు మౌనంగా ఉండి, కాలువగట్టు వైపు చూసి, "మా నీళ్లలో ఏమొస్తుందో మాకూ అంతేనండి" అన్నాడు.

రాత్రి అమలాపురంలో బస. పొట్లంలోంచి రెండు కాడలు తీసి కిటికీ గుమ్మం మీద పెట్టి పడుకున్నాను.

మూడో రోజు: అమలాపురం నుంచి కోరంగి

తెల్లవారుజామున అయిదింటికి లేచి చూస్తే వీధి దీపం కూడా కనబడనంత పొగమంచు. కిటికీ మీది కాడలు ముట్టుకుంటే దూదిలా మెత్తబడి, నీరు పీల్చి ఉబ్బాయి. ఎవరూ నీళ్లు పోయలేదు. గాలిలోని తేమ చాలింది. తొమ్మిదింటికి మంచు విడి ఎండ తగిలాక, పదింటికల్లా మళ్లీ అప్పడాలయ్యాయి. లైకెన్ బతుకు అంతా ఈ రెండు స్థితుల మధ్యే. నీటిని పట్టి ఉంచుకొనే మొక్కల్లా కాక, గాలి తడిస్తే తడుస్తుంది, ఎండితే ఎండుతుంది. ఎండినప్పుడు అంతా ఆపేస్తుంది కాబట్టి వేసవి ఎండ గాని ధ్రువపు చలి గాని దాన్ని ఏమీ చేయలేదు. 2005లో భూకక్ష్యలో రెండు వారాలకు పైగా అంతరిక్షానికి తెరిచి ఉంచిన రెండు జాతుల లైకెన్లు కిందికి తెచ్చి తడపగానే మళ్లీ పని మొదలుపెట్టాయి.

మరి అంతటి మొండిఘటం అమలాపురంలో ఎందుకు బతకదు? ఈ సమస్యను నేను చాలాసార్లు తరగతిలో తప్పుగా చెప్పాను. ఎండ ఎక్కువ కాబట్టి అనేవాణ్ణి. అసలు దెబ్బ ఎండ కాదు, రాత్రి. లైకెన్ తడిసినప్పుడు మాత్రమే తిండి వండగలదు. తడిసినప్పుడు మాత్రమే ఊపిరి తీయగలదు కూడా. ఊపిరితో ఖర్చయ్యే కర్బనం వెచ్చదనంతో పాటు పెరుగుతుంది. మన దగ్గర సాయంత్రం మంచు పడినప్పటి నుంచి తెల్లవారేదాకా పది పన్నెండు గంటలు చీకట్లో, తడిలో, వెచ్చగా కూర్చుని కూడబెట్టినదంతా ఖర్చు పెట్టాలి. తెల్లవారాక వెలుతురు వచ్చిన రెండు మూడు గంటల్లోనే ఎండి, పని ఆగిపోతుంది. ఆదాయం రెండు గంటలది, ఖర్చు పన్నెండు గంటలది అయిన సంసారం ఎన్నాళ్లు నిలుస్తుంది? ఉష్ణమండలపు పల్లపు ప్రాంతాల్లో గుబురుగా పెరిగే లైకెన్లు అరుదై, బెరడుకు అతుక్కుపోయిన పల్చటి పొరలే ఎక్కువగా కనిపించడానికి పరిశోధకులు చూపే ముఖ్య కారణం ఇదే. కొబ్బరిమాను మీది మచ్చలు ఆ లెక్కకు సరిపడా తమను తాము కుదించుకున్నవి.

మూడేళ్ల కిందట మా అమ్మాయి ఉంటున్న నార్వేలోని ట్రోమ్సోకు వెళ్లినప్పుడు ఈ లెక్కకు రెండో పక్క కళ్లారా చూశాను. ఆర్కిటిక్ వలయానికి దాదాపు 350 కిలోమీటర్లు ఉత్తరాన ఉన్న ఆ ఊళ్లో మే మూడో వారం నుంచి జూలై చివరి వారం దాకా సూర్యుడు అస్తమించడు. తడిసినా చలిగానే ఉంటుంది, చీకటి ఉండదు. వెచ్చటి, చీకటి, తడి రాత్రి అనే శత్రువే అక్కడ లేడు. సున్నాకు దిగువన కూడా క్లడోనియా కొద్దికొద్దిగా పని చేస్తుంది. అయినా పెరుగుదల ఎంతనుకున్నారు? ఏడాదికి ఇంచుమించు 3 నుంచి 5 మిల్లీమీటర్లు. కొస దగ్గర ఏడాదికొకసారి చీలుతుంది కాబట్టి, చెరుకు కణుపులు లెక్కపెట్టినట్టు చీలికలు లెక్కపెట్టి వయసు చెప్పవచ్చు. పైన పెరుగుతుంటే కింద కుళ్లిపోతూ ఉంటుంది గనుక లెక్కకు అందేది బతికున్న భాగం మాత్రమే. నా పొట్లంలోని ఒక కాడకు పదమూడు చీలికలు వచ్చాయి. కడియపులంకలో పదమూడేళ్లంటే మామిడి అంటు కాపుకొచ్చి పాతబడిపోతుంది.

ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక వంతెన దాటి, యానాం, తాళ్లరేవు వదిలి కోరంగి చేరేసరికి రెండయింది. మడ అడవిలో చెక్క వంతెన మీద నడుస్తూ చెట్టు చెట్టునూ చూశాను. పోటు నీరు ఎక్కే మేరకు మాను కింది భాగం బురద పూసుకొని బోసిగా ఉంది. పైన మాత్రం తెల్లటి పొరలు. తిల్ల చెట్టు జోలికి పోవద్దని గైడు హెచ్చరించాడు. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందని ఇక్కడ అందరికీ తెలుసు. ఏటి వైపు గాలి బాగా తగిలే ఒక ఎండుకొమ్మ మీద, బూడిదరంగు రిబ్బన్ ముక్కల్లా వేలాడుతున్న గుత్తి కనిపించింది. రొక్సెల్లా మాంటాగ్నై అనుకున్నాను. మన తూర్పు తీరపు చెట్ల మీద ఉండే జాతి. బళ్లో ఆమ్లం, క్షారం పరీక్షించిన లిట్మస్ కాగితానికి రంగు ఇచ్చినది ఈ కుటుంబమే. డెల్టాలో నేను చూసిన ఒకే ఒక గుబురు లైకెన్ ఇది. సముద్రపు గాలి దాన్ని త్వరగా ఆరబెట్టడం వల్ల రాత్రి ఖర్చు తగ్గుతుందేమోనని నా ఊహ. కోయలేదు. ఫోటో తీసుకొని, పక్కన నా పొట్లంలోని క్లడోనియాను పట్టి చూశాను. దీనికి అంచుల వెంట పిండికుప్పలు ఉన్నాయి, దానికి లేవు.

ఆ తేడా నర్సరీవాడికి ముఖ్యం. క్లడోనియా రాంజిఫెరినాకు వ్యాప్తి చెందడానికి పిండి లేదు. కొసల మీద గోధుమరంగు ఫలనాంగాలు అరుదుగా వస్తాయి గాని, వాటి నుంచి ఎగిరే సిద్ధబీజం శిలీంధ్రానిది మాత్రమే. పడినచోట తగిన శైవలం దొరికితేనే కొత్త కాపురం. కాబట్టి అది ఎక్కువగా నమ్ముకునేది విరగడాన్నే. ఎండినప్పుడు పెళుసుగా ఉంటుంది కదా, రెయిన్‌డీర్ డెక్క పడినా, గాలి విసిరినా ముక్కలవుతుంది. ప్రతి ముక్కలోనూ రెండు జీవులూ ఉంటాయి. అడవి కాలిపోయిన చోట్ల, మేత తరిగిపోయిన చోట్ల స్వీడన్‌లో ఈ ముక్కలను విత్తనంలా చల్లి చూశారు. బోసినేల మీద చల్లితే గాలికి కొట్టుకుపోయాయి. నాచు, పుల్లలు ఉన్నచోట చిక్కుకొని నిలిచాయి. నిలిచినా మేతకు పనికొచ్చే పరుపు కావడానికి దశాబ్దాలు పడుతుంది. అదే విరగడం మితిమీరితే నాశనం. నార్వే, ఫిన్లండ్ సరిహద్దులో రెయిన్‌డీర్ కంచె ఒకటి ఉపగ్రహ చిత్రాల్లో కూడా గీతలా కనిపిస్తుంది. నార్వే వైపు మందలు చలికాలంలో మాత్రమే, మంచు కప్పిన నేల మీద మేస్తాయి కాబట్టి లైకెన్ తెల్లగా పరుచుకొని ఉంది. ఫిన్లండ్ వైపు వేసవిలో ఎండిన పరుపును తొక్కి తొక్కి పొడి చేయడంతో నేల ముదురు రంగుకు తిరిగింది.

నాలుగో రోజు: ద్రాక్షారామం, మళ్లీ కడియపులంక

కాకినాడ నుంచి పొద్దున్నే బయలుదేరి ద్రాక్షారామంలో అరగంట ఆగాను. భీమేశ్వరుడి గుడి ప్రాకారపు రాళ్ల మీద లైకెన్ మచ్చలు ఉన్నాయేమోనని చూస్తే, సున్నాలూ శుభ్రతలూ తప్పించుకొని మూలల్లో కొన్ని మిగిలాయి. ఆర్కిటిక్ బండల మీద పసుపు, నలుపు కలిసి పటంలా ఉండే రైజోకార్పన్ జియోగ్రాఫికమ్ మచ్చల వ్యాసం కొలిచి, హిమనదం ఎప్పుడు వెనక్కి తగ్గిందో లెక్కకట్టే పద్ధతిని 1950లలో రోలాండ్ బెషెల్ అనే శాస్త్రజ్ఞుడు ప్రచారంలోకి తెచ్చాడు. ఏడాదికి మిల్లీమీటరు కూడా పెరగనిది కాబట్టే అది పనికొచ్చింది. ఏటా కడిగి, సున్నం కొట్టే గుడి గోడ మీద ఆ లెక్క నడవదు. ప్రసాదం తీసుకొని వచ్చేశాను.

మధ్యాహ్నం నర్సరీలో ఆయనకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రంగువేసినవి చచ్చినవి, వాటికి నీళ్లు ఆపి, ఆరబెట్టి, అలంకార సామాను అని రాసి అమ్ముకోవచ్చు. తడి గాజుసీసాలో మాత్రం పెట్టవద్దు, బూజు పడుతుంది. ఎండిన నమూనాలో ప్రాణం ఉన్నా ఇక్కడి రాత్రులు దాన్ని తినేస్తాయి. షేడ్ నెట్, కోకోపీట్, ఎరువు, అన్నీ దానికి కీడే. చలిగది కట్టి, దీపాలు పెట్టి, మంచు చిలకరించి పెంచినా, ఒక చిన్న సీసాకు సరిపడా పరుపు తయారయ్యేసరికి ఆయన కొడుకు పిల్లలు ఇంటర్మీడియట్‌కు వస్తారు. "అయితే ఏడాదికి నాలుగు మిల్లీమీటర్లేనాండి?" అని మళ్లీ అడిగాడు. కంప్యూటరులో లాభనష్టాలు చూసుకుంటున్నవాడిలా కాసేపు గాల్లోకి చూశాడు. "మరి మొక్కకు రెండు వందలని అమ్మితే గిట్టదు."

అంబాజీపేట రైతు ఇచ్చిన మూరెడు కొబ్బరిమాను ముక్క బండిలోంచి దింపాను. నేలకూలిన పాత చెట్టుది. దాని మీద పిక్సైన్ రేకులు, గ్రాఫిస్ గీతలు, ఒక పక్క కావిరంగు పూత ఉన్నాయి. భూతద్దం ఆయన చేతికిచ్చాను. చాలాసేపు కిందికీ పైకీ తిప్పి చూశాడు. "ఇది మా పెరట్లో చెట్టుకూ ఉందండి. తెల్లమచ్చలని సున్నం కొట్టించాను" అన్నాడు. తరువాత ఆ ముక్కను తానే మోసుకెళ్లి, ఉదయపు ఎండ తగిలే గట్టు పక్కన, గాలి ఆడేచోట నిలబెట్టాడు.

కుర్రవాడు అలవాటుగా చేతిపంపు పట్టుకొని దాని దగ్గరికి వెళ్లాడు.

"దానికొద్దురా" అన్నాడు ఆయన. "మంచు పడుతుందిలే."